పాత ప్యూజోకి గేర్ నిలబడటం లేదు: బాగుచేయాలా, భాగాలు మార్చాలా?

నీలిఫ్రేమ్:

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. సగం చెప్పి వదిలేస్తే మీరు మళ్ళీ మళ్ళీ అడగాల్సి వస్తుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

నా దగ్గరున్నది 1976 నాటి ప్యూజో యూఓ-8. మా మేనమామది. 1975లో బెర్నార్డ్ తెవెనే ప్యూజో మీద టూర్ ద ఫ్రాన్స్ గెలిచినప్పటి నుంచి ఆయనకి ఆ సైకిల్ మీదే ధ్యాస. మరుసటి ఏడాదే కొనుక్కున్నాడు. ఆయన పోయాక అత్తయ్య పిలిచి మరీ నా చేతికిచ్చింది. అప్పటికి అది పదేళ్లకు పైగా గోడకి వేలాడుతూ ఉంది. ముందు 52, 40 పళ్ల చక్రాలు. వెనక అయిదు గేర్ల ఫ్రీవీల్, అంటే అయిదు పళ్ల చక్రాల గుత్తి, 14 పళ్ల నుంచి 28 పళ్ల వరకు. మాఫక్ బ్రేకులు రబ్బర్లు మార్చగానే చక్కగా పట్టుకున్నాయి. ఫ్రేమ్ నిటారుగా ఉంది, తుప్పు పైపైనే. బాధంతా గేర్లతోనే.

ఎత్తు ఎక్కేటప్పుడు వెనక 28 మీద వేసుకుంటాను. గట్టిగా నాలుగు తొక్కులు తొక్కేసరికి కుడి లీవర్ దానంతటదే ముందుకి జరిగిపోయి చైన్ పక్క చక్రం మీదకి దిగిపోతోంది. ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో లీవర్ పట్టుకుని ఎక్కుతున్నాను. లీవర్ నల్లటి ప్లాస్టిక్‌ది. స్క్రూ ఇంకాస్త బిగిద్దామని తిప్పితే స్క్రూ చుట్టూ వెంట్రుకంత పగులు కనిపించింది. జిగురు పెట్టాను. రెండో రోజుకి పెచ్చులా ఊడి వచ్చేసింది.

చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే వెనక డిరైలర్ కూడా ప్లాస్టిక్ బాడీదే. చైన్ పోయే కింది చట్రాన్ని, అదే కేజ్‌ని, వేళ్లతో పట్టుకుని పక్కకి ఊపితే అయిదు మిల్లీమీటర్ల దాకా ఊగుతోంది. కేజ్‌లో చైన్‌ని నడిపే రెండు చిన్న జాకీ చక్రాల్లో పైది బుష్ మీద వంకరగా తిరుగుతోంది. పెద్ద చక్రానికి వెయ్యాలంటే లీవర్‌ని అవసరమైన దానికంటే ఎక్కువ లాగి, మళ్ళీ కాస్త వదలాలి.

ఇంకొకటి. నెల కిందట చైన్ మార్చాను. అప్పటి నుంచి 17 పళ్ల చక్రం మీద గట్టిగా తొక్కితే టక్కుమని జారుతోంది. పాత చైన్ ఉన్నన్నాళ్లూ ఈ బాధ లేదు. కొత్త చైన్ వేసి తప్పు చేశానా?

ఒక మెకానిక్‌కి చూపిస్తే, డిరైలర్ ఫ్రేమ్‌కి నేరుగా లేదనీ, ఇరుసు దగ్గర ఇనప పట్టీకి వేలాడుతోందనీ చెప్పి, ఫ్రేమ్ చివర డిరైలర్ తగిలించే హ్యాంగర్ వెల్డింగ్ పెట్టి కొత్తది బిగిస్తానన్నాడు. నాకు మనసొప్పలేదు, సైకిల్ తీసుకుని వచ్చేశాను.

నేను దీన్ని అలంకారానికి పెట్టుకోను. ప్రతి ఆదివారం యాభై అరవై కిలోమీటర్లు తొక్కాలని ఉంది. అలాగని చూడగానే ఇది మామయ్య సైకిలే అన్నట్టు ఉండాలి. ఈ ప్లాస్టిక్ భాగాలు బాగవుతాయా? కొత్తవి వేస్తే ఏవి పడతాయి? ఫ్రెంచ్ కొలతలు వేరంటున్నారు, అది గేర్ల విషయంలో ఎంతవరకు నిజం?


మూడోగేరు:

నా సలహా సూటిగా చెబుతాను. వెనక చక్రం మొత్తం మార్చండి, ఏడు గేర్లది వేసుకోండి. కొత్త డిరైలర్, కొత్త లీవర్లు, కొత్త చైన్. అన్నీ ఇప్పటి కొలతల్లో ఉంటాయి, ఏది పాడైనా వెంటనే దొరుకుతుంది. నేను ఇలాంటి పాత సైకిల్‌కి రెండేళ్లు ఒక్కో భాగం వెతుక్కుంటూ గడిపాను. తొక్కిన రోజులకంటే వెతికిన రోజులే ఎక్కువ. మీకు తొక్కడమే ముఖ్యమైతే ఈ దారి దగ్గర. కాకపోతే ఏడు గేర్ల చక్రానికి మధ్య భాగం, అంటే హబ్బు, వెడల్పు ఎక్కువ, వెనక ఫోర్కు కాళ్లు కాస్త విడదీయాల్సి వస్తుంది. ఇనుము కాబట్టి వంగుతుంది, కానీ తెలిసినవాళ్ల చేతే చేయించండి.


ఇరుసుబోల్టు:

నీలిఫ్రేమ్ గారూ, వెల్డింగ్ మాత్రం పెట్టించకండి. ఆ వేడికి రంగు కాలిపోతుంది, వెనక చక్రం కూర్చునే చోటు ఏ కాస్త వంగినా గేర్లు ఇక ఎప్పటికీ కుదరవు. పైగా దాని అవసరమే లేదు. మీ సైకిల్‌కి ఉన్న ఆ ఇనప పట్టీ లోపం కాదు, ఆ మోడల్ తయారైందే అలా. అదే రకం పట్టీతో వచ్చే డిరైలర్లు పాతవీ ఉన్నాయి, కొత్తవీ ఉన్నాయి. పట్టీ తీసి పట్టీ పెట్టడమే.

మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు. అన్నీ ఒకచోటే కనిపిస్తున్నాయి కాబట్టి ఒకటే అనిపిస్తోంది. ఒక్కొక్కటీ విడిగా చూద్దాం.

మొదట లీవర్. డిరైలర్‌లో ఉన్న స్ప్రింగు ఎప్పుడూ వైరుని వెనక్కి లాగుతూనే ఉంటుంది. దాన్ని ఆపేది లీవర్ లోపలి వాషర్ల రాపిడి ఒక్కటే. 28 మీద ఉన్నప్పుడు స్ప్రింగు బాగా సాగి ఉంటుంది, అంటే లాగుడు అప్పుడే అన్నిటికంటే ఎక్కువ. గట్టిగా తొక్కితే ఫ్రేమ్ కూడా కాస్త అటూ ఇటూ వంగుతుంది, ఆ కదలిక వైరుకి తగులుతుంది. అందుకే మీకు సరిగ్గా ఎత్తు మీదే జారుతోంది. లీవర్ పగలకుండా ఉంటే వాషర్లు విప్పి, నూనె జిడ్డంతా తుడిచి, ఆరబెట్టి బిగించమనేవాణ్ని. చాలామంది బిర్రుగా ఉందని అక్కడ నూనె వేస్తారు, ఆ మరుసటి రోజు నుంచే జారుడు మొదలవుతుంది. కానీ మీది పగిలింది. ఇక బిగించేకొద్దీ పగులు పెరుగుతుంది. దాన్ని తీసేయండి.

జిగురు ఎందుకు పట్టలేదంటే, అది డెల్రిన్ అనే ప్లాస్టిక్. దానంతటదే నున్నగా జారే గుణం ఉంటుంది. అందుకే తిరిగే భాగాలకి దాన్ని ఎంచుకున్నారు. ఆ గుణం వల్లే ఏ జిగురూ దాన్ని గట్టిగా పట్టుకోదు. కాబట్టి మీ చేతి పనిలో తప్పేమీ లేదు. ఇంకో జాగ్రత్త చెప్పాలి. ఆ భాగాలను తుప్పు వదిలించే ఆసిడ్‌లోనూ, బ్లీచింగ్ నీళ్లలోనూ నానబెట్టకండి, డెల్రిన్ పాడైపోతుంది. సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు.

ఆ డిరైలర్ గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. దిజాన్ ఊళ్లో లూసియాఁ జ్వీ అనే ఆయన 1928లో మొదలుపెట్టిన కంపెనీ సింప్లెక్స్. టూర్ ద ఫ్రాన్స్‌లో డిరైలర్‌ని 1937లో గానీ అనుమతించలేదు, అప్పటికే ఈయన దాని మీద ఏళ్ల తరబడి పనిచేసి ఉన్నాడు. 1960లలో ప్లాస్టిక్‌తో డిరైలర్ చేయడమంటే ఎంతో ధైర్యం కావాలి. బరువు తక్కువ, తుప్పు పట్టదు, కొత్తగా ఉన్నప్పుడు చక్కగా పనిచేసేది. పైన కూడా స్ప్రింగు ఉండటం వల్ల చైన్ బిగువు బాగా సర్దుకునేది. యాభై ఏళ్ల ఎండ, యాభై ఏళ్ల బిగింపు తర్వాత ఆ ప్లాస్టిక్ అలసిపోయింది. ఇంతకాలం నిలబడటమే గొప్ప.

ఇప్పుడు మీ డిరైలర్‌ని పరీక్షించండి. టార్చి వేసి, పట్టీకి బిగించిన బోల్టు చుట్టూ, కదిలే కీళ్ల చుట్టూ చూడండి. ఎక్కడైనా తెల్లటి గీత కనిపిస్తే అది పగులే. పగులు ఉంటే ఇక దాని మీద తొక్కకండి. విరిగిన డిరైలర్ నేరుగా వెనక చక్రం పుల్లల్లోకి పోతుంది, చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, అలా పడినవాళ్లని చూశాను. పగులు లేకపోయినా అయిదు మిల్లీమీటర్ల ఊగుడు చాలా ఎక్కువ. ఒక మిల్లీమీటరు అయితే జాకీ చక్రం మార్చి సరిపెట్టుకోవచ్చు. అయిదంటే కీళ్లు అరిగాయి. అవి రివెట్లు కొట్టిన కీళ్లు, విప్పి బుష్ వేసే వీలు లేదు. జాకీ చక్రం ఒక్కటే మార్చి డబ్బు పాడుచేసుకోకండి.

ఇక 17 మీద జారుడు. మీరు చైన్ మార్చడం తప్పు కాదు, ఆలస్యంగా మార్చడం వల్ల వచ్చిన తంటా అది. సాగిన చైన్ పళ్లని తనకి తగ్గట్టు అరగదీసుకుంటుంది. రెండూ కలిసి ముసలివై ఒకదానికొకటి సర్దుకుంటాయి. కొత్త చైన్ వచ్చేసరికి అరిగిన పళ్ల మీద కూర్చోలేక పైకెక్కి జారుతుంది. ఎక్కువ వాడిన చక్రం మీదే అలా జరుగుతుంది, మీ మామయ్య గారు ఎక్కువగా 17 మీదే తొక్కి ఉంటారు. పాత చైన్ పారేయకపోతే కొలవండి. ఇనప స్కేలుతో ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి, దాన్ని సున్నా అనుకుని ఇరవయ్యో పిన్ను మధ్య వరకు. కొత్త చైన్ అయితే 254 మి.మీ. ఉండాలి. 255.3 దాటితే మార్చే సమయం వచ్చినట్టు. 256.5 దాటితే ఫ్రీవీల్ పళ్లు కూడా పోయినట్టే లెక్క. అయితే ముందు ఒక్క విషయం చూసుకోండి. పెడల్ వెనక్కి తిప్పుతూ కింది జాకీ చక్రం దగ్గర చైన్‌ని గమనించండి. ఏదైనా లింకు వంగకుండా బిగుసుకుపోయి ఉంటే అక్కడ ఎగురుతుంది. అలాంటి లింకు వల్ల అయితే అన్ని చక్రాల మీదా జారుతుంది, 17 మీద ఒక్కదానిమీదే కాదు.

ఫ్రెంచ్ కొలతల సంగతి గేర్ల విషయంలో రెండు చోట్ల తగులుతుంది. ఒకటి గొట్టాల లావు. ఆ రోజుల ఫ్రెంచ్ ఫ్రేముల్లో కింది గొట్టం, సీటు గొట్టం 28.0 మి.మీ. మిగతా దేశాల్లో 28.6. కాబట్టి వేరే కంపెనీ లీవర్ల క్లాంపు వేస్తే వదులుగా ఉండి తిరిగిపోతుంది. ఇది పెద్ద సమస్య కాదు. తేడా మొత్తం 0.6, అంటే చుట్టూ 0.3 మి.మీ. మందం నింపాలి. కూల్‌డ్రింక్ డబ్బా రేకు దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది. మూడు చుట్లు చుట్టి దాని మీద క్లాంపు బిగిస్తే కదలదు. రేకు అంచులు చేతికి కోసుకుంటాయి, గరుకు కాగితంతో రుద్ది వాడండి.

రెండోది నిజంగా జాగ్రత్త పడాల్సింది. ఫ్రీవీల్ ఎక్కే హబ్బు మర. ఫ్రెంచ్‌ది 34.7 మి.మీ., మరకి మరకి మధ్య దూరం 1 మి.మీ. ఇప్పుడు అందరూ వాడే కొలత 1.37 అంగుళాలు, అంటే 34.8 మి.మీ., అంగుళానికి 24 మరలు. చూడ్డానికి రెండూ ఒకటే. ఇప్పటి ఫ్రీవీల్ ఫ్రెంచ్ హబ్బుకి ఎక్కేస్తుంది కూడా, అదే ప్రమాదం. వదులుగా ఎక్కి, ఎత్తు మీద బలంగా తొక్కినప్పుడు మరలన్నీ పీక్కుని ఊడిపోతుంది. సైకిల్ ఫ్రెంచ్‌ది కాబట్టి హబ్బూ ఫ్రెంచ్‌దే అనుకోకండి, యాభై ఏళ్లలో చక్రాలు మారి ఉండొచ్చు. ఫ్రీవీల్ విప్పాక మర గేజీ, అంటే మరల మధ్య దూరం చూసే పళ్ల రేకుల కట్ట, పెట్టి చూడండి. క్యాలిపర్‌తో లావు కొలిస్తే 0.1 తేడా తేలదు, మరల మధ్య దూరమే చెబుతుంది.

మూడు సంగతులు చూసి రాయండి. పాత చైన్ కొలత, డిరైలర్ మీద పగుళ్లు, హబ్బు మర.


నీలిఫ్రేమ్:

ఇరుసుబోల్టు గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు కృతజ్ఞతలు. ఈ వారం రాత్రిళ్లన్నీ దీని మీదే కూర్చున్నాను.

పాత చైన్ డబ్బాలోనే ఉంది. 257 మి.మీ. మూడుసార్లు కొలిచాను, అదే వచ్చింది. బిగుసుకున్న లింకులు ఏమీ లేవు.

డిరైలర్‌ని తీసి తుడిచి టార్చి వేస్తే పై బోల్టు పక్కన గోరంత పొడవు తెల్లగీత ఉంది. నొక్కితే తెరుచుకుంటోంది. నేను దీని మీద గత ఆదివారం దిగుడులో నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చాను. అది తలుచుకుంటే ఇప్పుడు చెయ్యి వణుకుతోంది.

ఫ్రీవీల్ విప్పడానికి చాలా తంటాలు పడ్డాను. దానికి లోపల టూల్ పట్టే గాడులు రెండే ఉన్నాయి. టూల్ పెట్టి పానాతో తిప్పబోతే గాడి అంచు కాస్త చెదిరింది. అప్పుడు ఆపి, టూల్‌ని ఇరుసు నట్టుతో అదిమిపట్టి, దాన్ని వైస్‌లో బిగించి, చక్రాన్నే స్టీరింగ్‌లా తిప్పాను. ఒక్కసారిగా పెద్ద శబ్దం వచ్చి వదిలింది. మర గేజీలో 1.0 ఆకు చక్కగా కూర్చుంది, 24 మరల ఆకు మూడో పన్ను దగ్గరే తేడా చూపించింది. అంటే ఫ్రెంచ్ మరే.

17 పళ్ల చక్రం వెలుతురుకి పెట్టి చూస్తే పళ్లు ఒక పక్కకి వాలి ఉన్నాయి. 14, 20 కూడా కొంచెం. 24, 28 మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. వెనక చక్రం మొత్తం మార్చడమే మేలా, ఇదే మరలో ఫ్రీవీల్ వెతకమంటారా?


పాతచైన్:

మర విషయంలో నా అనుభవం చెబితే మీకు పనికొస్తుంది. నా ఫ్రెంచ్ హబ్బుకి ఒకరు ఇప్పటి ఫ్రీవీల్ ఎక్కించి ఇచ్చారు. "చేత్తోనే ఎక్కింది, ఎంత సాఫీగా ఉందో" అన్నారు. మూడు వారాలు బాగానే తిరిగింది. ఒక ఎత్తు మీద లేచి తొక్కుతుంటే పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరిగింది. గొలుసు తెగిందనుకున్నాను. చూస్తే ఫ్రీవీల్ హబ్బు మీద ఊరికే తిరుగుతోంది. మరలన్నీ అల్యూమినియం పొడిగా రాలిపోయాయి. హబ్బు పోయింది, చక్రం మళ్ళీ అల్లించుకోవాల్సి వచ్చింది. చేత్తో హాయిగా ఎక్కేసిందంటే సంతోషించకండి, అనుమానించండి.

ఫ్రెంచ్ మర ఫ్రీవీళ్లు దొరకవని కాదు. మయ్యార్, ఆటమ్ పేర్లతో అప్పట్లో చాలా తయారయ్యాయి, వాడనివి ఇప్పటికీ పాత సరుకులో కనిపిస్తాయి. కొనేముందు మర ఏదో అడిగి రాయించుకోండి. మీ పాతదాన్ని కూడా పారేయకండి. 24, 28 బాగున్నాయన్నారు కదా, రెండు చైన్ విప్‌లు (పళ్ల చక్రాన్ని పట్టి తిప్పే, చైన్ ముక్క ఉన్న పిడులు) ఉంటే చిన్న చక్రాలు విప్పి మార్చుకునే వీలుంటుంది. అలాంటి విడి చక్రాలు దొరికితే అదే అన్నిటికంటే మంచి దారి.

ఒక్క విషయంలో ఇరుసుబోల్టు గారితో నాకు కొంచెం తేడా ఉంది. మీది పట్టీ రకం కాబట్టి అది మీకు వర్తించదు, ఇక్కడ చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. నాది ప్యూజోలోనే పీఎక్స్-10 మోడల్. రేనాల్డ్స్ 531 గొట్టాలు, ఫ్రేమ్‌లోనే హ్యాంగర్ ఉంటుంది. ఆ సింప్లెక్స్ రకం హ్యాంగర్ చిల్లుకి మర ఉండదు, కింద డిరైలర్‌ని ఆపే గాడీ ఉండదు. వేరే కంపెనీ డిరైలర్ పెట్టాలంటే 10 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. దూరంతో మర కోసి, గడియారంలో ఏడు ఉండే చోట ఆకురాయితో చిన్న గాడి పెట్టాలి. నేను పెట్టించాను. ఆరేళ్లుగా రోజూ తొక్కుతున్నాను. ఫ్రేమ్‌ని ముట్టకూడదని పట్టుబడితే ఈపాటికి అది ఏ మూలనో పడి ఉండేది. తొక్కే సైకిల్‌కి నిటారుగా కోసిన మర తప్పేమీ కాదని నా అభిప్రాయం.


ఇరుసుబోల్టు:

పాతచైన్ గారూ, మీరు పని తెలిసినవాళ్ల చేత నిటారుగా కోయించుకున్నారు, సరే. నేను చూసినవాటిలో వంకరగా కోసినవే ఎక్కువ. అర డిగ్రీ వాలినా కేజ్ కిందికి వచ్చేసరికి గేర్లు కుదరవు, దాన్ని సరిచేయబోయి హ్యాంగర్ వంచుతారు. పీఎక్స్-10 లాంటి ఫ్రేమ్‌కి నేనైతే లోహపు సింప్లెక్స్ డిరైలర్ వెతికి పెడతాను, ఆకురాయి పట్టను. ఈ విషయంలో మనిద్దరం ఒప్పుకోం, పర్వాలేదు.

నీలిఫ్రేమ్ గారూ, ఆ పగులు కనిపెట్టారు, అది చాలు. ఇక దాన్ని పెట్టకండి. మీ హబ్బు ఆరోగ్యంగా ఉంటే చక్రం మార్చకండి, ఫ్రెంచ్ మర ఫ్రీవీల్ వెతకండి. పాత సరుకు తెచ్చుకుంటే లోపల గ్రీజు గట్టిపడి ఉంటుంది, పల్చటి నూనెతో బాగా కడిగి, తిప్పి, ఆ తర్వాత కాస్త చిక్కటి నూనె వెయ్యండి. ఎక్కించేముందు హబ్బు మరకి గ్రీజు రాయడం మర్చిపోకండి, లేకపోతే మళ్ళీ విప్పేటప్పుడు ఈసారి పడ్డ తంటాలే.

డిరైలర్ ఎంచుకోవడానికి చిన్న లెక్క. ముందు చక్రాల తేడా 52 లోంచి 40 పోతే 12. వెనక 28 లోంచి 14 పోతే 14. మొత్తం 26 పళ్ల చైన్‌ని అది సర్దగలగాలి, 28 పళ్ల చక్రం కిందికి పోగలగాలి. నా ఓటు సన్‌టూర్ కంపెనీ వీ-జీటీ డిరైలర్‌కి. 1964లో సన్‌టూర్‌వాళ్లు డిరైలర్ నాలుగు పలకల చట్రాన్ని ఏటవాలుగా పెట్టారు. దానివల్ల జాకీ చక్రం పక్కకి జరుగుతూనే కిందికి దిగుతుంది, ప్రతి పళ్ల చక్రానికీ ఇంచుమించు అంతే దగ్గరలో ఉంటుంది. అందుకే లీవర్‌ని ఎక్కువ లాగి వెనక్కి వదలాల్సిన పని చాలావరకు తగ్గుతుంది. ఆ ఆలోచన ఎంత బాగుందంటే, పేటెంట్ గడువు తీరగానే మిగతావాళ్లందరూ అదే దారి పట్టారు. మీ సైకిల్ వయసుకీ అది సరిపోతుంది. అది దొరక్కపోతే ఇరుసు పట్టీతో వచ్చే షిమానో టూర్నీ పెట్టుకోండి, అందంగా ఉండదు గానీ పని మాత్రం బాగా చేస్తుంది. మీ లీవర్లకి క్లిక్కులు లేవు కాబట్టి ఏ కంపెనీదైనా పనిచేస్తుంది.

లీవర్ల విషయంలో సింప్లెక్స్ వాళ్లే చేసిన అల్యూమినియం రెట్రోఫ్రిక్షన్ లీవర్లు దొరికితే ఆలోచించకుండా తీసుకోండి. లోపల బిగుతుగా చుట్టిన స్ప్రింగు ఉంటుంది. మీరు లాగితే వదులిస్తుంది, వైరు లాగితే పట్టేస్తుంది. ఆ చేతి స్పర్శ వేరే ఏ లీవర్‌లోనూ నాకు దొరకలేదు. లేకపోతే సన్‌టూర్ సన్న పళ్ల రాచెట్ లీవర్లు, అవీ బాగుంటాయి. వాటి క్లాంపు కింద రేకు చుట్టండి.

బిగించేటప్పుడు వైరు చివరగా తగిలించండి. చాలామంది ముందే తగిలించి, ఎటు తిప్పినా కుదరక విసుగెత్తిపోతారు. వైరు లేకుండా డిరైలర్ తనంతట తాను చిన్న చక్రం కిందికి వచ్చి నిలబడుతుంది. పై జాకీ చక్రం సరిగ్గా 14 కింద ఉండేలా, డిరైలర్‌ని బయటివైపు ఆపే హెచ్ స్క్రూ సర్దండి. తర్వాత పెడల్ తిప్పుతూ చేత్తో డిరైలర్‌ని లోపలికి నెట్టి, 28 ఎక్కాలి గానీ ఎంత నెట్టినా పుల్లలవైపు పోకూడదు. అక్కడ, లోపలివైపు ఆపే ఎల్ స్క్రూ ఆపండి. ఈ ఎల్ స్క్రూ దగ్గర తొందరపడకండి, మీ ప్రాణానికి కాపలా అదే. అప్పుడు లీవర్ పూర్తిగా ముందుకి పెట్టి, వైరుని వదులు లేకుండా లాగి బిగించండి. వైరు 1.2 మి.మీ.ది వాడండి, బ్రేక్ వైరు మందం ఎక్కువ. దాని తల లీవర్ గుంటలో పూర్తిగా కూర్చుందో లేదో చూడండి.

చైన్ పొడవు: ముందు 52, వెనక 28 మీద చుట్టి, డిరైలర్‌లోంచి పోనివ్వకుండా రెండు కొసలూ కలిపి, దానికి ఒక అంగుళం కలుపుకుని కోయండి. పొట్టిగా కోస్తే ఏదో ఒకరోజు పొరపాటున పెద్ద చక్రం నుంచి పెద్ద చక్రానికి వేస్తారు, డిరైలర్ విరిగిపోతుంది.


నీలిఫ్రేమ్:

అయిదు వారాల తర్వాత వస్తున్నాను. పని పూర్తయ్యింది.

ఫ్రీవీల్ ఫ్రెంచ్ మరది దొరికింది, వాడని పాత మయ్యార్, 14 నుంచి 28. లోపల గ్రీజు మైనంలా అయిపోయింది. రెండు రోజులు నూనె పోసి తిప్పితే ఆ టిక్ టిక్ శబ్దం తిరిగి వచ్చింది. హబ్బుకి చేత్తో ఎక్కించాను, కానీ ఈసారి చివరి వరకు ఒకే బిగువుతో ఎక్కింది, వదులు లేదు. పాతచైన్ గారి మాట గుర్తుపెట్టుకుని రెండుసార్లు విప్పి మళ్ళీ చూశాను.

రెట్రోఫ్రిక్షన్ లీవర్లు దొరకలేదు, సన్‌టూర్ రాచెట్ లీవర్లు తీసుకున్నాను. రేకు మొదట రెండు చుట్లే వేశాను, తిరిగింది. మూడు వేస్తే నిలబడింది. డిరైలర్ వాడిన వీ-జీటీ. పట్టీ దానితోనే వచ్చింది. వైరు లేకుండా ముందు స్క్రూలు సర్దమన్నది ఎంత తేలిక చేసిందో చెప్పలేను. ఇన్నాళ్లూ నేను తిరగేసి చేస్తున్నాను.

మొన్న ఆదివారం యాభై రెండు కిలోమీటర్లు తొక్కాను. 28 మీద వేసి రెండు చేతులూ హ్యాండిల్ మీదే పెట్టుకుని ఎత్తంతా ఎక్కాను. లీవర్ కదల్లేదు. 17 మీద లేచి తొక్కాను, జారలేదు. ఆగి పక్కన కూర్చుని కాసేపు సైకిల్‌ని చూస్తూ ఉండిపోయాను. మామయ్య ఉంటే ముందు డిరైలర్ చూసి "ఇది ఎక్కడిది రా" అనేవాడు, తర్వాత తనూ తొక్కి చూసేవాడు.

14 మీద మాత్రం మొదట చిన్న గరగర వచ్చింది. హెచ్ స్క్రూ పావు తిప్పు బయటికి తిప్పితే పోయింది. పాత లీవర్లు, డిరైలర్, ఫ్రీవీల్ అన్నీ తుడిచి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాను, పేరు రాసి.

ఇంక మిగిలింది ముందు డిరైలర్. పనిచేస్తోంది. దాని క్లాంపు కూడా అదే ప్లాస్టిక్, పగులు కనిపించలేదు. ఇప్పుడే మార్చాలా?


ఇరుసుబోల్టు:

చదివి చాలా సంతోషమనిపించింది. ముందుది ఇప్పుడే మార్చక్కర్లేదు. అది విరిగితే చైన్ పడిపోతుందే గానీ పుల్లల్లోకి పోదు. క్లాంపు స్క్రూని ఇక బిగించకండి, గొట్టం మీద తిరగకుండా ఉంటే చాలు. నెలకోసారి స్క్రూ చుట్టూ టార్చి వేసి చూడండి. కేజ్ 52 చక్రానికి పైన రెండు మిల్లీమీటర్ల ఎత్తులో, దానికి సమాంతరంగా ఉందో లేదో కూడా అప్పుడే చూసేయండి. తెల్లగీత కనబడిన రోజున ఇనప క్లాంపు ఉన్నది తెచ్చుకోండి. మీ సీటు గొట్టం కూడా 28.0 కాబట్టి మిగిలిన డబ్బా రేకు దాచి ఉంచండి.